మన్రో దొర, దత్త మండలాల కాడెద్దులు

రాయలసీమలో రెవెన్యూ శాఖలో కొంతకాలమైనా పనిచేసిన వారికి సర్ థామస్ మన్రోను పరిచయం చేయనక్కర్లేదు. రైతువారీ పద్ధతి, పాలెగాళ్ల అణచివేత, మంత్రాలయం కథ, గండి క్షేత్రంలో ఆయనకు కనిపించిందని చెప్పుకునే బంగారు తోరణం కథ మనమందరం విన్నవే. అయితే ఆయన జీవితాన్ని మొదటి నుంచి చివరిదాకా వెన్నంటిన ఒక విషయం అంతగా ప్రస్తావనకు రాదు. అదే ఎద్దు.

ఆ రోజుల్లో ఫిరంగి లాగింది ఎద్దు. దండుకు ధాన్యం మోసింది ఎద్దు. మడక దున్నింది, కపిల తోడింది కూడా ఎద్దే. సైన్యం పశువులను తోలుకుపోతే పొలం బీడు పడేది. శిస్తు గట్టిగా పిండితే రైతు ముందుగా అమ్ముకునేది తన జతనే. ఈ రెండు ఒత్తిళ్లనూ స్వయంగా చూసిన అధికారి మన్రో. ఆయన పేరు రెండు వందల ఏళ్ల తర్వాత కూడా మన పల్లెల్లో నిలిచి ఉండటానికి గల కారణం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

గ్లాస్గో నుంచి మద్రాసుకు

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించారు. తండ్రి అలెగ్జాండర్ మన్రో వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వల్ల ఆ వ్యాపారం దెబ్బతిని కుటుంబం చితికిపోయింది. కొడుకు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా చేరి 1780 జనవరిలో మద్రాసు చేరుకున్నారు. అప్పటికి ఆయన వయసు 18 ఏళ్లు. తొలి సంవత్సరాల్లో చాలీచాలని జీతంతో, నాలుగు కర్రల మీద కట్టిన గుడ్డను మంచంగా చేసుకుని, పుస్తకాన్నో తూటాల సంచినో తలకింద పెట్టుకుని పడుకున్నట్లు ఆయన ఇంటికి రాసిన ఉత్తరాల వల్ల తెలుస్తుంది.

ఆయన వచ్చిన ఏడాదే హైదరాలీ కర్ణాటక రాజ్యంపై విరుచుకుపడ్డాడు. 1780 సెప్టెంబర్ 10న కంచి సమీపంలోని పొల్లిలూరు వద్ద కల్నల్ బెయిలీ దళం తుడిచిపెట్టుకుపోయింది. కొద్ది దూరంలోనే ఉన్న హెక్టర్ మన్రో సేనలో మన థామస్ మన్రో ఒక చిన్న క్యాడెట్. ఇద్దరి ఇంటిపేరు ఒకటే గాని బంధుత్వం లేదు. ఆ సేన కంచిలోని కోనేట్లో పెద్ద ఫిరంగులను పడవేసి మద్రాసుకు వెనుదిరిగింది. తిండిగింజలు, బరువులు లాగే పశువులు లేని సైన్యం ఎంత నిస్సహాయమో పంతొమ్మిదేళ్ల వయసులో ఆయన కళ్లారా చూశారు.

మరుసటి ఏడాది సర్ ఐర్ కూట్ నాయకత్వంలో పోరాడినప్పుడూ అదే అనుభవం. 1781 జూలై 1న పరంగిపేట వద్ద ఇంగ్లీషువారే గెలిచారు. కానీ హైదర్ తన ఫిరంగులను శత్రువు కళ్లెదుటే భద్రంగా లాగించుకుని వెళ్లాడు. గెలిచినవారికి వెంటపడే శక్తి లేదు. ఎడ్లు లేవు. ఓడినవాడి ఎడ్లు మాత్రం ఫిరంగులతో పరుగుపెట్టాయి. ఇంతకీ అవి ఏ ఎడ్లు?

వెన్న చావడి నుంచి అమృత్ మహల్ దాకా

దక్షిణాదిలో అప్పట్లో యుద్ధపు బరువులకు గుర్రాలను వాడటం అరుదు. మేలు జాతి గుర్రాలు అరేబియా, పారశీక తీరాల నుంచి ఓడల్లో రావలసిందే. వాటి ధర ఎక్కువ. ఉలవలు, గడ్డి, గుర్రపువాళ్ల ఖర్చు ఇంకా ఎక్కువ. వాటిని ఆశ్విక దళం స్వారీకే దాచుకునేవారు. ఇక్కడి తట్టువులు పొట్టివి. అవి మూటలు మోయగలవు గాని ఫిరంగి లాగలేవు. 1805లో మద్రాసు సైన్యంలో గుర్రాలు లాగే ఫిరంగి దళం ఏర్పడిన తర్వాత కూడా ముట్టడి ఫిరంగులనూ సామాను బండ్లనూ ఎద్దులే లాగాయి. ఒక్కొక్క పెద్ద ఫిరంగికి పదుల సంఖ్యలో ఎద్దులు కావలసి వచ్చేవి.

ఈ అవసరాన్ని అందరికంటే ముందు గుర్తించినవారు మైసూరు ప్రభువులు. చిక్క దేవరాజ ఒడెయరు (పాలన 1673-1704) రాజ్యపు ఆవుల మందలకు బెణ్ణె చావడి అనే ప్రత్యేక శాఖను ఏర్పాటు చేశాడు. అంటే వెన్న చావడి. కోటకు పాలు, వెన్న సమకూర్చటం దాని పని. హైదరాలీ దానిని యుద్ధానికి మళ్లించాడు. టిప్పు సుల్తాన్ దానికి అమృత్ మహల్ అని పేరు మార్చి, మందల పోషణకు హుకుంనామాలు జారీ చేశాడు.

మందల మూలం మూడు రకాలు: హళ్లికర్, హాగలవాడి, చిత్రదుర్గం పశువులు. ఇవి మనకు పరాయివి కావు. హాగలవాడి ఉన్న తుమకూరు జిల్లా, మన మడకశిర, హిందూపురం ప్రాంతాలు పక్కపక్కనే ఉన్నాయి. వెనక్కి వంగి మొన తేలిన పొడవాటి కొమ్ములు, బూడిద రంగు ఒళ్లు, సన్నని ముఖం, గట్టి గిట్టలు. మన సంతల్లో మైసూరు ఎద్దులని పిలిచేది ఈ వంశాన్నే.

వాటిని పెంచిన తీరు గమనించదగినది. కావళ్లు అనే పచ్చిక బీళ్లను ప్రభుత్వమే కేటాయించింది. వానకు ఒకటి, చలికి ఒకటి, ఎండకు ఒకటిగా మందలను కాలాన్నిబట్టి మార్చేవారు. విత్తనపు కోడెలను ఏరి ఉంచి, తక్కినవాటికి ఈడు వచ్చాక విత్తులు కొట్టించి బరువు పనికి తర్ఫీదు ఇచ్చేవారు. ఆవుల పాలు దూడలకే ఎక్కువగా వదిలేవారు. వెన్న కోసం మొదలైన శాఖ చివరకు పాలను కూడా దూడకే వదిలి ఎద్దు సత్తువను కోరుకుందన్నమాట. మనుషులకు అంతగా మచ్చిక లేకుండా బీళ్లలో పెరిగినందున అవి పొగరుగా ఉండేవి. కానీ కాడి అలవాటైన తర్వాత వేగంలో, ఓర్పులో వాటికి సాటి లేదు.

1781లో హైదరాలీ చిదంబరం రక్షణకై రెండున్నర రోజుల్లో నూరు మైళ్లు నడవగలిగింది వీటితోనే. టిప్పు ఒక నెలలో ద్వీపకల్పాన్ని దాటి బిదనూరును తిరిగి పట్టుకోవటానికీ, జనరల్ మెడోస్ ఎదుట రెండు రోజుల్లో 63 మైళ్లు సాగటానికీ ఇవే ఆధారం.

దీనికి ఎదురు దృశ్యం 1791లో కనిపించింది. కారన్‌వాలిస్ సేన శ్రీరంగపట్నం దాకా చేరి కూడా, మేత లేక, రోగం తగిలి ఎడ్లు వేల సంఖ్యలో చనిపోవటంతో మే నెలలో తన ముట్టడి ఫిరంగులను తానే పాడుచేసుకుని వెనుదిరిగింది. తర్వాత ఆ సేనకు ధాన్యం అందించి ఆదుకున్నవారిలో లంబాడీ బిడారులవారు ముఖ్యులు. వేల ఎద్దుల మీద గోతాలు వేసుకుని యుద్ధభూముల మధ్య వ్యాపారం నడిపిన ఆ జనం తండాలు ఈనాటికీ మన జిల్లాల్లో ఉన్నాయి. ఆ యుద్ధకాలంలో మన్రో కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద సమాచార శాఖలో పనిచేశారు.

దత్త మండలాల కలెక్టరు

1792 సంధి తర్వాత సేలం, ధర్మపురి ప్రాంతమైన బారామహల్‌లో రీడ్ వద్దనే మన్రో రెవెన్యూ పని నేర్చుకున్నారు. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయింది. ఆయన కొంతకాలం కెనరా జిల్లాను చూశారు. 1800 అక్టోబరులో నిజాం, తనకు 1792లోనూ 1799లోనూ మైసూరు నుంచి దక్కిన ప్రాంతాలను కంపెనీకి ఇచ్చివేశాడు. బళ్లారి, అనంతపురం, కడప సీమలతో కూడిన ఆ భూభాగమే దత్త మండలాలు. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పేరు పెట్టుకున్నది ఈ గడ్డకే. మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చారు. కింద నలుగురు సబ్ కలెక్టర్లు.

ఆయనకు అప్పగించిన దేశం ఎలా ఉండేది? పెనుకొండ ఒకప్పుడు విజయనగర ప్రభువులు తల్లికోట యుద్ధం తర్వాత రాజధానిగా చేసుకున్న ఊరు. తర్వాత బీజాపూరు, మరాఠా, మైసూరు, నిజాం సేనలు మార్చి మార్చి తొక్కిన నేల. హిందూపురం గుత్తి మురారిరావు కాలంలో వెలసిన ఊరని ప్రతీతి. 1776లో హైదర్ గుత్తిని పట్టుకోవటంతో ఆ ప్రాభవమూ పోయింది. బెంగళూరు నుంచి ఉత్తరానికి నడిచే ప్రతి దండుకూ పెనుకొండ దారే దారి. దండు వస్తోందంటే రైతు ముందుగా దాచేది గింజలను, ఆ తర్వాత ఎద్దులను. పాలెగాళ్లు ఎనభై మంది దాకా, వారి కింద వేల మంది కట్టుబడి బంట్లు. బలవంతుడైన ప్రతివాడూ పన్ను తీసుకునేవాడే.

మన్రో ఏడేళ్లు ఈ దేశాన్ని గుడారాల్లో ఉంటూ తిరిగారు. రక్షక దళం పెట్టుకోకుండా, రైతులు నేరుగా వచ్చి మాట్లాడేందుకు వీలుగా ఊరూరా మకాం వేశారు. మనం జమాబందీ క్యాంపు అని పిలిచిన పద్ధతి ఆయన నడవడిలో నుంచి వచ్చిందే. భూములన్నీ కొలిపించి, తరం కట్టించి, రైతు పేరన పట్టా ఇచ్చి, శిస్తు అతని వద్దనే తీసుకునే ఏర్పాటు చేశారు.

మన సీమలో రైతు స్థోమతను ఎకరాలతో కాక మడకలతో చెప్పుకునేవారు. ఒక మడక సేద్యం, రెండు మడకల సేద్యం అని. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు ఎర్రనేలల్లో మడకకు ఒక జత చాలు. తాడిపత్రి, గుత్తి వైపు నల్లరేగడిలో గడ్డి వేళ్లు తీయాలంటే పెద్ద మడకకు అనేక జతలు కట్టాలి. బావి కింద తోట ఉన్నవానికి కపిల తోలేందుకు ఇంకో జత. దుక్కి, గొర్రు, గుంటక, కళ్లంలో నూర్పిడి, బండి, అన్నిటికీ అదే జత. జత లేనివానికి పట్టా ఉన్నా సేద్యం లేదు. అందుకే మన్రో పెట్టిన ఖర్చుల్లో తకావీకి ముఖ్యస్థానం ఉంది. ఎద్దులు, విత్తనాలు, పనిముట్లు కొనుక్కునేందుకు, చెరువులు, బావులు బాగుచేసుకునేందుకు సర్కారు ముందుగా అప్పు ఇచ్చి పంట వచ్చాక రాబట్టుకునే పద్ధతి అది. మనలో చాలామంది తకావీ రిజిష్టర్లు రాసినవారమే.

అయితే అదే కలెక్టరు మీద ఇంకో బాధ్యత కూడా ఉండేది. ఆర్థర్ వెల్లెస్లీ 1803లో హరిహరం నుంచి పూనా మీదికి, అక్కడి నుంచి అసాయీ దాకా సాగించిన దండయాత్రకు దత్త మండలాల నుంచి ధాన్యం, బరువులు మోసే ఎద్దులు సమకూర్చవలసింది మన్రోయే. 1799లో టిప్పు మందలు కంపెనీ వశమయ్యాయి గనుక ఫిరంగులకు అమృత్ మహల్ ఎద్దులు దొరికాయి. గోతాలు మోసేందుకు మాత్రం ఊళ్లలోని పశువులు, లంబాడీల ఎద్దులే దిక్కు. ఆ ప్రాంతంలోనే మన సీమలో వానలు కూడా తప్పాయి. ఒక చేత్తో రైతుకు ఎద్దు కొనేందుకు తకావీ ఇవ్వటం, రెండో చేత్తో సైన్యానికి ఎద్దులు పంపటం ఆయన వంతయింది.

శిస్తు తగ్గించమన్న కలెక్టరు

మన్రోను దేవుణ్ణి చేసి చెప్పనక్కరలేదు. ఆయన ఏడేళ్ల కాలంలో దత్త మండలాల శిస్తు వసూలు దాదాపు ఒకటిన్నర రెట్లయింది. శాంతి నెలకొని, సాగు పెరిగి వచ్చిన ఆదాయం అందులో ఉన్నా, భారం కూడా లేకపోలేదు. ఆ సంగతి అందరికంటే ముందు గ్రహించినవాడు మళ్లీ ఆయనే. 1807లో సెలవుపై స్వదేశానికి వెళ్లే ముందు పై అధికారులకు ఒక ప్రతిపాదన పంపారు. సర్వేలో కట్టిన శిస్తును నూటికి 25 వంతులు తగ్గించాలి. చెరువుల కింద, బావుల కింద భూములకు మరో 8 వంతులు తగ్గించాలి. రైతు తన శక్తిని బట్టి ఏటా కొంత భూమి వదులుకోవటానికి గాని, కొత్తగా తీసుకోవటానికి గాని స్వేచ్ఛ ఉండాలి.

ఈ మూడో మాట మనకు దరఖాస్తు, రాజీనామాల రూపంలో బాగా పరిచయం. దాని అర్థం పల్లె భాషలో చెప్పాలంటే ఇది: ఒక ఎద్దు చచ్చిన సంవత్సరం రైతు దున్నలేని చేనికి శిస్తు కట్టనక్కరలేదు, మళ్లీ జత కుదిరిన ఏడు చేను తీసుకోవచ్చు.

వసూలు పెంచిన అధికారి తగ్గింపు కోరటం ఉద్యోగుల లోకంలో అరుదు. మద్రాసు రెవెన్యూ బోర్డు దానిని ఆమోదించలేదు. పైపెచ్చు రైతువారీని పక్కకు నెట్టి 1808 నుంచి ఊళ్లను గుత్తకు ఇచ్చింది. మొదట మూడేళ్ల గుత్తలు, తర్వాత పదేళ్ల గుత్తలు. హెచ్చు పాటలు పాడిన గుత్తదారులు ఎందరో దివాలా తీశారు. గుత్తదారు మునిగితే ఊరి రైతు మిగలడు.

మన్రో లండనులో ఊరుకోలేదు. 1813లో పార్లమెంటు ఎదుట సాక్ష్యమిచ్చారు. 1814లో వివాహం చేసుకుని, న్యాయపాలన సంస్కరణల కమిషన్ అధిపతిగా తిరిగి వచ్చారు. 1817-18లో మరాఠా యుద్ధంలో కొద్దిపాటి సైన్యంతో, ఊరి బంట్ల సాయంతో బాదామి, బెళగాం, షోలాపూర్ కోటలు పట్టుకున్నారు. 1820 జూన్‌లో మద్రాసు గవర్నరయ్యారు. అధికారంలోకి రాగానే రైతువారీని తిరిగి నెలకొల్పి, తాను 1807లో కోరిన తగ్గింపును దత్త మండలాల్లో అమలు చేయించారు. పదమూడేళ్ల కిందట పంపిన తన ఫైలును తానే మంజూరు చేసుకున్న అధికారి చరిత్రలో ఇంకొకరు ఉన్నారో లేదో.

అమృత్ మహల్ కథ కూడా ఈ సరికి ఒక మలుపు తిరిగింది. 1799 తర్వాత మందలను మైసూరు సర్కారుకు అప్పగించగా అవి క్షీణించాయి. 1813లో కంపెనీ కెప్టెన్ హార్వే అనే అధికారికి బాధ్యత ఇచ్చింది. మన్రో గవర్నరుగా ఉన్న కాలానికి మందలు మళ్లీ కోలుకున్నాయి. సైన్యానికి సొంత మంద ఉంటే రైతు కొట్టం మీద పడే ఒత్తిడి ఆ మేరకు తగ్గుతుంది. 1824లో బర్మా యుద్ధం వచ్చినప్పుడు రంగూనులో చిక్కుకున్న సేనకు సిపాయిలను, తిండిని, బరువు లాగే పశువులను మద్రాసు నుంచి పంపటంలో మన్రో చూపిన దక్షతకు 1825లో ఆయనకు బారోనెట్ బిరుదు లభించింది.

దక్కని పదవీ విరమణ

మన్రో చాలా ముందే రాజీనామా పంపారు. బర్మా యుద్ధం వల్ల ఉండిపోవలసి వచ్చింది. యుద్ధం 1826లో ముగిసినా ఆయన స్థానంలో రావలసినవారి నియామకం ఆలస్యమైంది. భార్య, చిన్న కుమారుడు ముందుగానే ఇంగ్లండుకు వెళ్లారు. తాను వెళ్లేలోపు ఒక్కసారి దత్త మండలాలను చూసి రావాలని 1827 మే చివర మద్రాసు నుంచి బయలుదేరారు. అంతటా కలరా ఉంది. జూలై 4న గుత్తి చేరారు. దండులోని కొందరికి అప్పటికే రోగం సోకింది. జూలై 6న పత్తికొండలో ఆయనకూ తగిలింది. ఆ సాయంత్రమే కన్నుమూశారు. 66 ఏళ్ల వయసు. 47 ఏళ్ల సర్వీసు. ఒక్కరోజు కూడా పింఛను మనిషిగా బతకలేదు.

గుత్తిలో సమాధి చేశారు. 1831లో అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. గుత్తిలో ఆయన పేర సత్రం, పత్తికొండలో తోపు, బావి వెలిశాయి. మన సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. 1839లో మద్రాసు మౌంట్ రోడ్డులో చాంట్రీ శిల్పి చేసిన కంచు విగ్రహం నిలిపారు. మన్రో గుర్రం మీద కూర్చుని ఉంటారు. గుర్రానికి జీను, రికాబులు లేవని చూపరులు ఈనాటికీ చెప్పుకుంటారు. గవర్నరు హోదాకు గుర్రమే తగినది కావచ్చు. ఆయన పాలన నడిచింది మాత్రం ఎద్దు మెడ మీద.

తర్వాతి కథ

1860లో మద్రాసు గవర్నరు సర్ చార్లెస్ ట్రెవెలియన్ పొదుపు పేరుతో అమృత్ మహల్‌ను రద్దు చేసి మందలను అమ్మించారు. వందల ఏళ్ల ఎంపికతో కూడిన వంశం ఒక్క ఉత్తర్వుతో చెల్లాచెదురైంది. కొద్ది ఏళ్లలోనే సైన్యానికి మంచి ఎడ్లు దొరకక, మిగిలినవాటిని ఏరి 1860ల చివరి భాగంలో శాఖను మళ్లీ మొదలుపెట్టారు. తర్వాత 1880లలో మైసూరు సర్కారుకు అప్పగించారు. కర్ణాటకలోని అజ్జంపురంలో ఆ వంశాన్ని కాపాడే కేంద్రం ఉంది.

1876-78 నాటి ధాత కరువులో మన సీమలో మనుషులతోపాటు పశువులూ లెక్కలేనన్ని పోయాయి. వానలు వచ్చిన తర్వాత కూడా దున్నేందుకు ఎద్దు లేకపోవటం ఆ కరువును సాగదీసింది. 1890లలో గుంతకల్లు, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరుకు రైలు రావటంతో దూరపు బరువుల నుంచి ఎద్దుకు విముక్తి కలిగింది. సేద్యం మాత్రం దాని మీదనే సాగింది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ వ్యవసాయదారుని బతుకుతెరువుకు అవసరమైన పశువులను, పనిముట్లను, విత్తనపు గింజలను జప్తు చేయరాదని చెప్పింది. కోర్టు అమీనాలుగా పనిచేసిన మన మిత్రులకు ఆ సెక్షన్ కంఠతా వచ్చు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. దుక్కులు చాలావరకు ట్రాక్టరుతోనే సాగుతున్నాయి. అయినా ఘాటి సుబ్రహ్మణ్యం పరసకు మన వైపు రైతులు ఇప్పటికీ వెళ్తారు. అక్కడ హళ్లికర్ జత కొమ్ములు పట్టి, పళ్లు లెక్కపెట్టి, సుళ్లు చూసి బేరమాడతారు. లేపాక్షి బసవన్న ముందు ఆగి దండం పెట్టుకుని ఇంటికి తోలుకుపోయేవారూ ఉన్నారు.

మన్రో వదిలి వెళ్లిన పాఠం మన ఉద్యోగ భాషలో చెప్పుకుంటే చిన్నదే. వసూలు లెక్క చూసేటప్పుడు రైతు కొట్టంలోకి కూడా చూడాలి. అక్కడ జత నిలిచి ఉంటే వచ్చే ఏటి జమాబందీకి భయం లేదు. అక్కడ గాటిపాడు ఖాళీ అయితే ఈ ఏటి నూరుశాతం వసూలుకు విలువ లేదు. 1807లో ఆయన ఈ సంగతి రాతపూర్వకంగా చెప్పారు. ఒప్పించటానికి పదమూడేళ్లు పట్టింది. ఈ మధ్యకాలంలో దివాలా తీసిన ఊళ్ల లెక్క ఏ రిజిష్టరులోనూ పూర్తిగా దొరకదు.